అంచు చేరిన నలుసులు

కేశనాళికల గురించి మనలో చాలామందికి తెలిసింది ఇంటర్మీడియట్ పాఠంతోనే ఆగిపోతుంది. మిల్లీమీటరు వ్యాసమున్న గాజు గొట్టంలో నీరు దాదాపు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది, గొట్టం సన్నబడేకొద్దీ ఇంకా పైకెక్కుతుంది. 1718లో జూరిన్ చెప్పిన ఈ సూత్రం రాస్తే మార్కులు పడిపోతాయి. ఆ నీళ్లలో నలుసులుంటే వాటి గతేమిటని మమ్మల్ని ఏ పరీక్షలోనూ అడగలేదు. నా దగ్గర చదువుకున్న ఈ చిరంజీవి ఆ ప్రశ్న మీదే ఏకంగా పుస్తకం రాసింది.

మూడో అధ్యాయం దీనికి ప్రాణం. గొట్టంలో మెల్లగా సాగే ద్రవం అంతటా ఒకే వేగంతో పోదు. గోడ దగ్గర కదలనట్టే ఉంటుంది, నడిమధ్యన సగటుకు రెట్టింపు వేగంతో పోతుంది. గాలిని తాకే అంచు మాత్రం సగటు వేగంతోనే నడుస్తుంది. అందుకని నడుమనున్న నలుసు వెనకనుంచి వచ్చి అంచును అందుకుంటుంది, ద్రవంతోపాటు గోడవైపు తిరుగుతుంది. ద్రవమైతే గోడనంటి వెనకబడుతుంది. నలుసుకు ఒళ్లుంది కదా, గోడకు అంత దగ్గరగా ఇమడలేదు! మళ్లీ నడిమి ప్రవాహంలో పడి అంచుకే వస్తుంది. అలా వచ్చినవి వచ్చినట్టు అక్కడ పోగవుతాయి. 1967లో కార్నిస్, మేసన్ చూపిన ఈ సంగతిని ఆమె ఒక్క బొమ్మతో తేల్చేసింది. నాకు క్లాసులో గంట పట్టేది.

అంచు చేరిన నలుసు నీటికీ గాలికీ చెరిసగంగా కుదురుకుంటే ఇక ఊడిరాదు. మైక్రాన్ వ్యాసార్ధమున్న పూసను అక్కణ్ణుంచి లాగాలంటే, గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల కదలిక ఇచ్చే శక్తికి సుమారు ఐదు కోట్ల రెట్లు కావాలి. గోడకంటిన నలుసులను గాలిబుడగ ఊడ్చుకుపోగలగడానికి ఆధారం ఈ పట్టే. కాఫీ చుక్క ఆరాక చుట్టూ మిగిలే ముదురు వలయం గురించీ ఉంది గానీ, అది ఇప్పుడు అందరూ రాస్తున్నదే.

ఒక్క ఫిర్యాదు. గొట్టంలో సాగే పొడవాటి బుడగ గోడమీద పలచని ద్రవపు పొరను వదిలిపోతుంది. బుడగ వేగం పెరిగితే ఆ పొరా మందమవుతుందని బ్రెథర్టన్ 1961లో లెక్కకట్టారు. పొర మరీ పలచనైతే నలుసులు అందులోకి దూరలేవు. సన్నని గొట్టాలు కడిగేవాళ్లకు కావలసిందే ఇది, దీన్ని ఒక్క పేజీలో ముగించడం అన్యాయం. మలి ముద్రణలో పెంచమన్నాను. సరేనంది. పేజీలు పెరిగితే ధర పెంచాలని ప్రచురణకర్త అప్పుడే గొణుగుతున్నారట.