సాక్సఫోనుపై త్యాగరాజ కృతి

శ్రీ కద్రి గోపాలనాథ్ గారు 1949లో దక్షిణ కన్నడ మండలమున నాగస్వర విద్వాంసుని యింట జన్మించిరి. బాల్యమున మైసూరు ప్యాలెసు బ్యాండులో సాక్సఫోను విని, దానినే తమ వాద్యముగా చేపట్టిరి. దాని యొడలు ఇత్తడిదైనను, రెల్లు పీకతో పలుకును గనుక పాశ్చాత్యులు దానిని కొయ్యవాద్యముల పంక్తిలో చేర్చిరి.

మన సంగీతమునకు గమకము ప్రాణము. నాగస్వరమున వ్రేలు రంధ్రముపై నుండి స్వరమును జార్చును. సాక్సఫోనున రంధ్రములను మూతలు కప్పుటచే స్వరములు మెట్లవలె విడివిడిగా పలుకును. గోపాలనాథ్ గారు వాద్యమున మార్పులు చేసికొని, పెదవి బిగువుతోను ఊపిరి అదుపుతోను ఆ మెట్ల నడుమ జారును పలికించిరి. ఇదియే వారి ప్రయోగము. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవమున జాన్ హ్యాండీతోడి వాదనమును, 1994లో లండను ఆల్బర్టు హాలు కచేరియు, 2004లో పద్మశ్రీయు దాని ఫలములు. ద్రుతకాలమున స్వరములు గుప్పించునపుడు రాగచ్ఛాయ పలుచబడుననుట నా అభిప్రాయము. విళంబమున వారికి లోటు లేదు.

వారు 2019లో గతించిరి. మొన్న మా యింట వారి రికార్డు మ్రోగుచుండగా, మనుమరాలు రాగము పేరు వెంటనే చెప్పెను. "పల్లవి యేమమ్మా?" యని యడిగితిని. మాటాడలేదు. త్యాగరాజస్వామి కృతికి సగము రాగము, సగము తెనుగు. వాద్యము మ్రోగునపుడు ఆ రెండవ సగమును శ్రోతయే మనసులో చేర్చుకొనవలెను. తెనుగు మాతృభాష కాని యొక విద్వాంసుడు తన సగమును నలుబది యేండ్లకు పైగా మోసెను. పరభాషా ప్రాంతమున స్థిరపడిన మన బిడ్డలకు రెండవ సగమును నేర్పవలసిన వారము మనమే. ఆ వాద్యమునకు మాట లేదు, మనకు కలదు.