గల్లాలో కాలేజీ ఫీజు

సాయంత్రమైతే హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో గేటెడ్ కాలనీల ముందు తోపుడు బండ్లు బారులు తీరుతాయి. టమాట, బీరకాయ, తోటకూర, మూలకు కొత్తిమీర కట్టలు. బండి మనిషికి ఏ పూట లెక్క ఆ పూటే: బోణీ ఎప్పుడైంది, పెట్టుబడి తిరిగొచ్చిందా, మిగిలిందెంత. కాలేజీ ఫీజు మాత్రం ఏడాదికోసారి వచ్చి మొత్తం ఒక్కసారే కట్టమంటుంది.

ఈ రెండు లెక్కలకూ పొత్తు కుదర్చడమే వీళ్ల అసలు పనితనం. కూరలమ్మడం దానిముందు తేలిక.

బండి మీద పరిచిన గోనెసంచి కింద నోట్లు విడివిడిగా మడతపెట్టి ఉంటాయి. ఒక మడత రేపటి సరుకుకు, ఒకటి చీటీకి, ఇంకొకటి గిరిగిరివాడికి. పదివేల అప్పు రాసుకుని, వడ్డీ ముందే కోసుకుని, మిగతాది చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేసుకోవడం గిరిగిరి. వానపడి బేరాల్లేకపోయినా ఆ వంద ఆగదు. వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి రుణ పథకం ఈ ఉచ్చును కొంత వదులు చేసింది: 2025 దాకా తొలి విడత 10,000, సరిగ్గా కడితే తర్వాత 20,000, ఆపై 50,000, వడ్డీలో 7 శాతం రాయితీ. కానీ అది సరుకు కోసమిచ్చే అప్పు, చదువుకు కాదు.

చదువుకు తెలంగాణ ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. పట్టణాల్లో బీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. అంటే రోజుకు సుమారు 548 రూపాయలు! నాలుగు బేరాలు ఎక్కువైతే పేదరికం పోయినట్టే కాబోలు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు పదివేలు దాటిన బీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో సాధారణంగా 35,000 వరకే వస్తుంది, మిగతాది ఇంటివాళ్లే కట్టుకోవాలి.

ఆ డబ్బైనా వేళకు రాదు. బకాయిలు ఇవ్వాలంటూ 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. సర్కారు బాకీ పడితే కాలేజీ అడిగేది పిల్లల్ని, పిల్లలు అడిగేది బండి దగ్గర నిలబడ్డ అమ్మానాన్నల్ని. కోర్సు అయ్యాక సర్టిఫికెట్ల దగ్గర ఇదే పేచీ.

గేటు లోపలి ఫ్లాట్లకు నెలనెలా ఈఎంఐ కడుతున్నారు. రోజూ వంద చొప్పున నూరు రోజులు తప్పకుండా కట్టగలిగిన మనిషికి కాలేజీ కూడా నెలవారీ వాయిదా పెట్టవచ్చు. ఫీజు కౌంటర్లో ఆ వెసులుబాటుంటే గిరిగిరివాడికి ఫీజుల నెల బేరం తగ్గుతుంది.