వలస సరిహద్దు: గీత చెరిపితే సమస్య తీరుతుందా?

వలస పాలకులు పటంపై గీసిన కృత్రిమ రేఖలే నేటి అంతర్జాతీయ వివాదాలకు మూలమన్న వివరణ పాఠ్యగ్రంథాలలో తరచుగా కనిపిస్తుంది. 1893 నాటి డ్యూరాండ్ రేఖ, 1947 నాటి రాడ్‌క్లిఫ్ రేఖ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. ఈ వివరణలో సత్యం ఉంది కాని అది అసంపూర్ణం. తెలుగు ప్రాంతాల చరిత్రను పరిశీలిస్తే ఆ లోపం తెలుస్తుంది.

1766 ఒప్పందం ద్వారా ఉత్తర సర్కారులు, 1800లో దత్తమండలాలు నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. సైనిక సహాయం, దాని ఖర్చుల చుట్టూ సాగిన ఈ బేరాలలో ప్రజల భాషకు, అభిప్రాయానికి చోటు లేదు. అయితే గీత కంటే దానికి ఇరువైపులా ఏర్పడిన వ్యవస్థలే ముఖ్యం. ఒకవైపు జమీందారీ, రైత్వారీ పద్ధతులు, ఇంగ్లీషు చదువు. మరోవైపు జాగీర్లు, ఉర్దూ పాలన, స్థానికుల ఉద్యోగాల కోసం 1919 నాటి ముల్కీ నిబంధనలు వచ్చాయి.

బ్రిటిష్ సార్వభౌమాధికారం తొలగిపోగానే ఈ సరిహద్దు అంతర్జాతీయ సమస్యగా మారింది. స్వతంత్రంగా ఉంటానన్న నిజాం ప్రభుత్వం 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న మండలి దానిని చర్చకు తీసుకుంది. మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు.

1956 నవంబరు 1న ఆ గీత చెరిగింది. కాని ఉద్యోగాలు, నిధులు, నీళ్ల పంపకంలో అసమానత నిలిచింది. 1969 ఉద్యమం అక్కడి నుంచే పుట్టింది. 2014 జూన్ 2న, కొన్ని మార్పులతో, పాత సరిహద్దే మళ్లీ వచ్చింది. నేడు మదీనాగూడలో ఇరుప్రాంతాల కుటుంబాలు పక్కపక్కనే నివసిస్తున్నాయి. కృష్ణా జలాల వాటాపై మాత్రం రెండు రాష్ట్రాల వాదన ఆగలేదు.

ఈ దృష్టితో ఆఫ్రికాను చూడాలి. 1964లో కైరోలో ఆఫ్రికా దేశాధినేతలు వలసకాలపు సరిహద్దులనే గౌరవించాలని తీర్మానించారు. దీనిని పిరికితనమనే విమర్శకులు కొత్త గీతతో న్యాయం దానంతటదే వస్తుందని భావిస్తారు. మన అనుభవం దానిని సమర్థించదు. అలాగని పాత గీతను కాపాడితే చాలదు. దాని లోపలి అసమానతలను సరిచేయాలి.

ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటు రాష్ట్రాల హద్దులు మార్చగలదు. సార్వభౌమ దేశాల మధ్య అటువంటి అధికారం గల సంస్థ లేదు. అందుకే అక్కడ అదే తగాదా యుద్ధం దాకా పోగలదు. విద్యార్థులు ఏ సరిహద్దు వివాదాన్ని చదివినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: గీత ఎవరు గీశారు? దానికి ఇరువైపులా ఏ వ్యవస్థలు నిలిచాయి?