ఘన ద్రవ వాయువులు: బాలబోధకు తర్కశాస్త్రపు తోడు

ఘన ద్రవ వాయుపదార్థముల పాఠము వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు మూడు నిర్వచనములు నల్లబల్లపై వ్రాయుటయు, పిల్లలు వానిని ఏకకంఠముతో వల్లించుటయు, రాయి, నీరు, గాలి అను ఉదాహరణములతో పాఠము ముగియుటయు మన ప్రాథమిక పాఠశాలలలో పరిపాటి. ఇందువలన బాలునకు మాటలు లభించును గాని, ఆ మాట ఏ వస్తువునకు చెల్లును, దేనికి చెల్లదు అను వివేకము లభింపదు. ఆ వివేకమును నేర్పుటకే ఏర్పడిన బోధనాసంప్రదాయ మొకటి మనకు చిరకాలముగా కలదు, అది తర్కశాస్త్రము.

17వ శతాబ్దివాడని పండితులు చెప్పెడి ఆంధ్రుడు అన్నంభట్టు, ప్రారంభకుల సుఖబోధకై రచించిన తర్కసంగ్రహము నేటికిని సంస్కృత విద్యార్థులకు తొలి తర్కపాఠము. ఆ సంప్రదాయమున వస్తువునకు లక్షణము చెప్పుటతో పని తీరదు. దానికి మూడు దోషములు లేవని తేల్చవలెను. గోవునకు కపిలవర్ణము లక్షణమన్నచో తెల్లని ఆవు విడిచిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు కలిగియుండుట లక్షణమన్నచో గేదెయు గోవగును; ఇది అతివ్యాప్తి. చీలని గిట్ట కలది గోవన్నచో ఏ గోవునకును చెల్లదు, ఇది అసంభవము.

ఈ మూడు పరీక్షలను ముదిగుబ్బ వంటి ఊరిలోని మూడవ తరగతికి కొనిపోయిన యెడల పాఠమే మారిపోవును. ఘనపదార్థమేది అని అడిగినచో, పిల్లలు తప్పక “గట్టిగుండేది సార్” అందురు. అప్పుడు ఉపాధ్యాయుడు కాదనక, అవుననక, గుప్పెడు దూదిని, ధర్మవరపు మగ్గముల మీది పట్టుదారపు తునుకను వారి చేతికిచ్చి ఊరకుండవలెను. మెత్తని దూదియు ద్రవము కాదని వారే గ్రహించి, గట్టితనమను లక్షణము అవ్యాప్తమని, పేరు తెలియకయే, తేల్చుకొందురు; తనంతట తాను తన రూపమును నిలుపుకొనునది ఘనమను నిర్ణయమునకు మెల్లగా వత్తురు.

ద్రవమునకు “పోస్తే గిన్నె ఆకారం వస్తుంది” అను లక్షణము సిద్ధముగా నుండును. ఇంట నిత్యము సంగటి కెలుకు తల్లుల బిడ్డలకు రాగిపిండి కొత్త కాదు. దానిని చెంబులో పోసిన చెంబు రూపమునే పొందును గదా! ఇచ్చట అతివ్యాప్తి. ఆ పిండిని పళ్ళెములో కుమ్మరించినచో కుప్పగా నిలుచును, నీరు పోసినచో సమతలముగా పరచుకొనును. భూతద్దముతో చూచినచో ప్రతి రేణువును తన రూపమును తాను విడువకుండును. ఇసుకయు, ఉప్పును, పిండియు చిన్న చిన్న ఘనముల రాశులని బాలుడు ఒకసారి చూచినచో ఇక మరువడు.

వాయువు విషయమున పిల్లలు “కనబడదు, బరువుండదు” అందురు. బరువులేని వాయువు లోకమున లేదు గనుక ఇది అసంభవదోషము. లీటరు గాలి ఇంచుమించు 1.2 గ్రాములు తూగును. సున్నితమైన త్రాసులో గాలి గట్టిగా కొట్టిన బంతి, గాలి తీసిన బంతికన్న బరువు తూగును. గాజుగ్లాసు అడుగున పొడి గుడ్డపేలిక నదిమి, గ్లాసును బోర్లించి, తిన్నగా నీట ముంచినచో పేలిక తడియదు. గ్లాసును వంచినచో బుడగలు పైకి వచ్చును, నీరు లోనికి చొచ్చును. చోటు నాక్రమించునదియు, బరువు కలదియు, ఎంత పాత్రయైన నిండుగా వ్యాపించునదియు వాయువని అప్పుడు తెలియును.

అన్నంభట్టు తర్కసంగ్రహమున మన వంటయింటికి దగ్గరైన మాటలు మరికొన్ని కలవు. పొడి ముద్దయగుటకు కారణమైన గుణమును స్నేహమని పేర్కొని, దానిని నీటికి చెందినదిగా అతడు చెప్పెను. రాగిపిండి మరుగుచున్న ఎసటిలో పడి తెడ్డు క్రింద ముద్దయగుట దానికి చక్కని దృష్టాంతము. ద్రవత్వము నీటికి సహజమనియు, నేతి వంటి వానికి అగ్నివలన కలుగునదనియు విభజించెను. వాయువునకు రూపము లేదు, స్పర్శ కలదు అనెను.

అయినను నాటి సిద్ధాంతములన్నియు నేటికి నిలువవు. బంగారమును తేజస్సుగా, అనగా అగ్నిజాతి ద్రవ్యముగా, ఎంచుట ఇప్పుడు చెల్లదు. నీటి ద్రవత్వమును కేవల సహజము కాదు. 0 డిగ్రీల సెంటిగ్రేడున నీరు గడ్డకట్టును, సాధారణ వాయుపీడనమున 100 డిగ్రీల వద్ద మరిగి, సుమారు 1600 రెట్ల చోటు నాక్రమించు ఆవిరియగును. అదియు కంటికి కనబడదు. నీరు మరుగుచున్న కెటిలు ముక్కునుండి వెలువడి కొంచెము దూరమున తెల్లగా తోచునది చల్లబడి మరల నీటిబిందువులైన పొగమంచే. కర్పూరము ద్రవము కాకయే వాయువగును. ఘనత్వ ద్రవత్వములు వస్తువు జాతిధర్మములు కావు, ఉష్ణోగ్రతా పీడనములను బట్టి మారు స్థితులు అని ఆధునిక విజ్ఞానము సవరించినది.

తర్కశాస్త్రము నుండి బడికి స్వీకరింపదగినది దాని పదార్థవిభాగము కాదు, దాని పరీక్షావిధానము. కనుక ఉపాధ్యాయులకు మనవి యొక్కటే: నల్లబల్లపై నిర్వచనము వ్రాయుటకు ముందు, దానిని భంగపరచగల వస్తువు నొకదానిని పిల్లల చేతికిండు, ఆ వస్తువుతో వారు తగవులాడి, తమ మాటను తామే దిద్దుకొనిన తరువాత వ్రాయుడు.