మెదడు గాయంలో వెలుగుల సాక్ష్యం

మెదడుకు దెబ్బ తగిలినప్పుడు కణాలలో హైడ్రోజన్ పెరాక్సైడు వంటి చురుకైన అణువులు పెచ్చుపెరుగుతవి. వీటి జాడ తీయడానికి 1965 నాటి కెస్టన్, బ్రాండ్ట్‌ల రంజకం డైక్లోరోడైహైడ్రోఫ్లోరెసిన్‌నే నేటికీ విరివిగా వాడుతున్నారు. ఆక్సీకరణం చెందితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. కాని ఉత్ప్రేరకం లేనిదే పెరాక్సైడు దానిని దాదాపు కదిలించలేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. గాయపడిన మెదడులో రక్తం చిమ్మి, హీమోగ్లోబిన్ నుంచి ఇనుము విడుదలవుతుంది. చెడిన మైటోకాండ్రియాల నుంచి సైటోక్రోమ్-సి వెలికి వస్తుంది. రెండూ ఉత్ప్రేరకాలే గదా! వెలుగు హెచ్చితే పెరాక్సైడే హెచ్చిందని ఎట్లా చెప్పగలం? పైగా, చూడడానికి ప్రసరింపజేసిన కాంతియే రంజకాన్ని కొంత వెలిగిస్తుంది. దీపం పట్టుకొని చీకటిని వెదకినట్లు. 2006లో వెలువడిన ‘హైపర్’ అనే ప్రోటీను సూచకం పెరాక్సైడునే గుర్తిస్తుంది, ఇది నిజంగా మేలైన మార్గం. అయితే ఆమ్లత మారితే అదీ తడబడుతుంది. గాయమైనచోట ఆమ్లత పెరుగుతుంది. ఆమ్లతను వేరుగా కొలిచి చూపని చిత్రం ఎంత అందంగా ఉన్నా సాక్ష్యం కాజాలదు.