రాయబార పద్యము: రాగము, విరామము

తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు మన తరగతులలో కంటితో చదువబడుచున్నవి. కృష్ణాతీరమున నేటికిని చెవితో వినబడుచున్నవి. ఈ రెండింటికిని గల భేదమును శ్రీకృష్ణ రాయబార ఘట్టము నాధారముగా జేసికొని పరిశీలించుట మా యుద్దేశము.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు (1870–1950) బందరు హిందూ హైస్కూలున తెలుగు పండితులుగా నుండిరి. విశ్వనాథ, పింగళి, కాటూరి మున్నగువారి కాయన గురువగుట సుప్రసిద్ధము. కాని యీ చర్చకు ముఖ్యమైనది వేఱొకటి: జంటకవులు మొదట అవధానులు. అవధానమున పద్యము పుట్టిన క్షణముననే సభకు బోధపడవలెను. శ్రోతకు పుట వెనుకకు త్రిప్పు నవకాశము లేదు. ఈ శిక్షయే రాయబార పద్యములకు లోబలమని మేము తలచుచున్నాము. వానిలో సమాసము పొట్టి, క్రియ దగ్గఱ, సంబోధనము స్పష్టము. అక్షరము రాని కర్షకుడు సైతము వానిని కంఠస్థము చేయుటకు హార్మోనియము మహిమ యొక్కటే కారణము కాదు.

అయినను పద్యము వినిపించుటలో నొక చిక్కు కలదు. సంస్కృతమున యతి విరామస్థానము; తెలుగున నది అక్షరమైత్రి మాత్రమే. ఉత్పలమాలలో పదవ యక్షరమున యతి చెల్లును గాని యచట ఆగవలసిన పని లేదు. ఆగినచో పలుమాఱు పదమే రెండుగా చీలును. పాదాంతమునందును అంతే. కావున నెచట నాగవలెనో ఛందస్సు చెప్పదు, నటుడు నిర్ణయించుకొనవలెను. ఆ నిర్ణయమే వ్యాఖ్యానము.

దివిసీమలో నొక తిరునాళ్ళయందు మేము వినిన నాటకమున ఇరువురు నటులు వంతులవారీగా కృష్ణపాత్రము ధరించిరి. మొదటి యాతడు ప్రతిపాదాంతమున నాగి రాగము తీసెను. జనము వన్స్‌మోర్ లనిరి. రెండవ యాతడు పాదాంతములను లెక్కింపక క్రియవఱకును ఒక్క యూపిరిలో నడిపించి యాగెను. పిదప సుయోధనుని సంబోధించు మాటను మెల్లగా పలికి, చివరి యచ్చుపై మాత్రము కొలదిగా రాగము సాగించి, పద్యార్థమునే రెండు వచన వాక్యములలో మరల జెప్పెను. చప్పట్లు తక్కువ. మా ప్రక్కనున్న వృద్ధు డొకడు "అదీ మాటంటే" అని గొణిగెను.

మా మతము ఆ వృద్ధునిదే. రాగమును నిందించుట మా యభిప్రాయము కాదు. రానున్న యుద్ధమును గూర్చిన హెచ్చరిక ముగిసిన పిదప సాగెడు నాలాపనము శ్రోతకు ఆలోచించుటకు వ్యవధి నిచ్చును. వాక్యము ముగియక మునుపే వచ్చు రాగము అర్థమున కడ్డుకట్ట.

సీసపద్యము సంగతి వేఱు. దాని పాద మెనిమిది గణములతో రెండు సమభాగములుగా నడచును. అర్థమును సాధారణముగా నచటచటనే నిలుచును. గాయకునకు స్వేచ్ఛ యెక్కువ. దివిసీమ చెవికి సీసము క్రొత్త కాదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున శ్రీకాకుళాంధ్రదేవుని నిందాస్తుతి చేసినది సీసములలోనే.

గుడివాడ సమీపమున చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) ఈ సమస్య కొక పరిష్కారము చూపిరి. 1967లో వెలువడిన శ్రీకృష్ణావతారము చలనచిత్రమున ఆయన పాడిన తిరుపతి వేంకటకవుల పద్యములను వినుడు. మైకు ముందు కంఠమును పైశ్రుతికి చించుకొన నక్కఱలేదు గనుక ప్రతిపదమును విడివిడిగా వినబడును. రాగము భావమునకు లోబడి యుండును. దీనివలన నష్టమును లేకపోలేదు. గ్రామనటులు పలువురు ఆ రికార్డు విరామములనే యనుకరించుచున్నారు. తమ గురువులు నేర్పిన ఫణితి జాఱిపోవుచున్నది.

తాళపత్రములలోని పాఠభేదములకు మన పరిశోధకులు పడు శ్రమలో కొంత యిటు మఱలింపవలెను. బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల వృద్ధనటులచే నొకే రాయబార పద్యమును చదివించి, ఒక్కొక్క రెచట నాగిరో, ఎచట రాగ మెత్తుకొనిరో, పిదప వచనమున నేమి చెప్పిరో ధ్వనిముద్రణముతో గుర్తించుట మొదటి పని. ఒక పద్యముతోనే ప్రారంభింపవచ్చును.