పాత పికప్ బండి, మెత్తబడిన బ్రేక్ పెడల్

శ్రీశైలం రహదారి మీద పహాడీ షరీఫ్ వైపు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి చీలే దారిలో మామిడిపల్లి ఉంది. 2008లో విమానాశ్రయం మొదలై, చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి, పొలాలున్న చోట వెంచర్లూ గోదాములూ లేచిన ఈ ప్రాంతంలో సిమెంటు, ఇసుక, టెంట్‌హౌస్ సామాను, కూరగాయలు మోసే పని చాలావరకు చిన్న పికప్ బళ్ల మీదే పడింది. అలాంటి బండి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి, రోజూ నిండు బరువుతో నడవాలి. ఆ రెండింటికీ దాన్ని సిద్ధంగా ఉంచేది రోడ్డు పక్క షెడ్లలో పని నేర్చిన మెకానిక్కులు. హైదరాబాదు పరిసరాల్లో ఉస్తాదు అని పిలుచుకునే పెద్ద మెకానిక్కు దగ్గర కుర్రవాడు ఏళ్ల తరబడి పానాలు అందిస్తూ, చూస్తూ, వింటూ నేర్చుకునే ఈ విద్యలో మెత్తబడిన బ్రేక్ పెడల్‌ను బాగుచేసే పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఎందుకంటే ఇక్కడ సామాను మార్చడం సులభం, లోపం ఎక్కడుందో తేల్చడమే కష్టం; ఆ తేల్చే పనికి ఉస్తాదు వాడే ముఖ్యమైన పరికరం ఆయన కుడి పాదమే.

తెలుగు నేలకు ఈ తరహా బళ్లతో పాత పరిచయమే ఉంది. 1942లో హైదరాబాదులో పుట్టిన ఆల్విన్ సంస్థ 1980లలో నిస్సాన్ సాంకేతిక సహకారంతో జహీరాబాద్‌లో తేలికపాటి సరుకు బళ్లను తయారుచేసింది. 1988లో టాటామొబైల్, ఆ తర్వాత బొలెరో పికప్ వచ్చాయి. తయారీదారు ఎవరైనా వీటి బ్రేక్ పనిచేసే సూత్రం ఒక్కటే: మూసిన గొట్టంలోని ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పినది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి బ్రేక్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి ఇనుప పైపులూ రబ్బరు హోసులూ దాటి ముందు చక్రాల కాలిపర్లకూ, వెనుక డ్రమ్ముల్లోని వీల్ సిలిండర్లకూ చేరి, ప్యాడ్లనూ లైనర్లు అంటించిన షూలనూ ఒత్తుతుంది.

ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. మెత్తదనానికి మూలం చాలాసార్లు ఇదే. ఉదాహరణకు మాస్టర్ సిలిండర్ వ్యాసం ఒక అంగుళం, అంటే లోపలి వైశాల్యం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు అనీ, పెడల్ పాదం బలాన్ని ఐదింతలు చేస్తుందనీ అనుకుందాం. పాదం బలానికి వాక్యూమ్‌తో తోడయ్యే బూస్టర్ సాయాన్ని పక్కనపెట్టి చూస్తే, 20 కిలోల బలంతో తొక్కినప్పుడు పిస్టన్ మీద 100 కిలోలు పడి, ఆయిల్‌లో చదరపు సెంటీమీటరుకు 20 కిలోల ఒత్తిడి పుడుతుంది. పైపులో ఎక్కడో 2 ఘనపు సెంటీమీటర్ల గాలి చిక్కుకుని ఉంటే అది దాదాపు ఇరవయ్యో వంతుకు కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికే పిస్టన్ నాలుగు మిల్లీమీటర్లు, పెడల్ ఇంచుమించు రెండు సెంటీమీటర్లు అదనంగా దిగాలి. చెంచాడు కూడా లేని గాలి బండివాడి గుండె జారేంత పని చేస్తుంది.

అయితే మెత్తబడిన పెడల్ అన్న ఒక్క ఫిర్యాదు వెనుక పొంతనలేని లోపాలు చాలా ఉంటాయి కాబట్టి, నిఖార్సైన ఉస్తాదు ఆయిల్ డబ్బా తెరవకముందే సీట్లో కూర్చుంటాడు. ఇంజిన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌ను ఖాళీ చేస్తాడు. డీజిల్ ఇంజిన్ తనంతట తాను సరిపడా వాక్యూమ్ ఇవ్వదు కనుక ఈ బళ్లలో దానికోసం విడిగా పంపు ఉంటుంది. పెడల్‌ను తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అది కొద్దిగా కిందికి దిగడం బూస్టర్ బాగుందనడానికి గుర్తే తప్ప లోపం కాదు. ఆ తర్వాతే అసలు పరీక్ష. మొదటి తొక్కుకు లోతుగా పోయి, వెంటవెంటనే రెండోసారి తొక్కితే పైకి వచ్చి రాయిలా గట్టిగా నిలిస్తే, వెనుక షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగిందని అర్థం. అక్కడ ఎంత ఆయిల్ మార్చినా ప్రయోజనం ఉండదు, అడ్జస్టర్ తిప్పి సందు తగ్గించాలి. రెండోసారి కూడా పైకి వచ్చినట్టే వచ్చి పాదం కింద సాగుతూ ఉంటే గాలి ఉన్నట్టు, లేదా పాతబడిన రబ్బరు హోస్ ఒత్తిడికి ఉబ్బుతున్నట్టు. ఒకరు తొక్కుతుండగా మరొకరు హోస్‌ను గుప్పిట పట్టుకుంటే ఆ ఉబ్బు చేతికి తెలుస్తుంది. ముందు చక్రం బేరింగ్ వదులైతే డిస్క్ అటూఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి తోస్తుంది. దానివల్లా మొదటి తొక్కు లోతుగా పోతుంది కాబట్టి, చక్రాన్ని జాకీ మీద లేపి ఊపి చూడకుండా ఈ పరీక్ష పూర్తికాదు.

అన్నిటికన్నా సూక్ష్మమైనది, కొత్తవారు తరచుగా పోల్చుకోలేనిది, పెడల్ నెమ్మదిగా కిందికి జారే లోపం. చక్రాల దగ్గర చుక్క తడి ఉండదు, మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ తగ్గదు, గట్టిగా తొక్కితే బ్రేక్ బాగానే పడుతుంది. కానీ సిగ్నల్ దగ్గర పాదం ఆనించి నిలబడితే పెడల్ మెల్లగా దిగిపోతుంది. మాస్టర్ సిలిండర్ లోపల ఒత్తిడిని ఆపే రబ్బరు కప్పు అంచు అరిగి, ఆయిల్ దాన్ని దాటుకుని వెనక్కి పోతున్నందువల్ల ఇలా జరుగుతుంది. ఎక్కువ ఒత్తిడి ఆ అంచును సిలిండర్ గోడకు అదిమి తాత్కాలికంగా మూస్తుంది, తక్కువ ఒత్తిడి మూయలేదు; అందుకే అనుభవజ్ఞుడు తన బలమంతా పెట్టకుండా, పాదాన్ని తేలికగా ఆనించి కాసేపు ఓపిక పడతాడు. ఈ ఒక్క ఓపికలోనే ఈ విద్య గొప్పతనం కనిపిస్తుంది.

పాదం చెప్పినదానికి రుజువు కావాలంటే వ్యవస్థను ముక్కలుగా విడదీసి చూడాలి. మాస్టర్ సిలిండర్ నుంచి పైపులు విప్పి ఆ రంధ్రాలను బిరడాలతో బిగించి తొక్కినప్పుడు పెడల్ పైనే గట్టిగా నిలిస్తే సిలిండర్ మంచిది, లోపం దాని తర్వాత ఉంది. ఆపైన ఒక్కొక్క హోస్‌నూ గుండ్రటి అంచులున్న క్లాంపుతో మూసి చూస్తే, దేన్ని మూసినప్పుడు పెడల్ గట్టిపడుతుందో ఆ చక్రం వైపే లోపం. చాలా పికప్‌లలో వెనుక యాక్సిల్ దగ్గర బరువును బట్టి వెనుక బ్రేక్ ఒత్తిడిని మార్చే వాల్వు ఒకటి ఉంటుంది. దానిలోనూ గాలి చిక్కుకుంటుంది. ఎక్కువ బరువు మోయాలని అదనపు కమాన్ పట్టీలు వేయించిన బళ్లలో బండి వెనుక భాగం లేచి, ఆ వాల్వు బరువు లేదని భ్రమపడి వెనుక బ్రేకుకు ఒత్తిడి తగ్గిస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మాత్రమే మెత్తబడే బ్రేక్ మరో రకం. శ్రీశైలం వెళ్లేటప్పుడు నల్లమలలో ఈగలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో గేరును వదిలి బ్రేక్ మీదే దిగితే ఇది బయటపడుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదనేది ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్ నుంచి పుట్టిన ఆవిరి గాలిలాగే నలుగుతుంది. బండి చల్లారాక పెడల్ మామూలుగా ఉంటుంది కనుక షెడ్డులో లోపం దొరకదు. అందుకే తొక్కి చూడటం ఒక్కటే సరిపోదు, ఏ దారిలో, ఎంత బరువుతో జరిగిందో డ్రైవర్‌ను అడిగి తెలుసుకోవాలి.

మరమ్మతులో మొదటి పని షూల సందు సరిచేయడం, ఆ తర్వాతే గాలి తీయడం. మాస్టర్ సిలిండర్ కిట్, అంటే కొత్త రబ్బరు కప్పుల జత, వేసే ముందు సిలిండర్ లోపలి గోడను వెలుగులో పరీక్షించాలి. తుప్పు గుంటలు పడినదానిలో కొత్త కప్పు ఎక్కువకాలం నిలవదు, ఆ సిలిండర్‌ను మార్చడమే న్యాయం. చాలా షెడ్లలో విడిభాగాలను డీజిల్‌తోనో పెట్రోలుతోనో కడిగే అలవాటు ఉంది, దీన్ని ఎంత గట్టిగా ఖండించినా తక్కువే: పెట్రోలియం నూనె తగిలితే ఈ కప్పుల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కడగడానికీ, బిగించేటప్పుడు తడపడానికీ శుభ్రమైన బ్రేక్ ఆయిలే వాడాలి. డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఎగరగొట్టడం మరో ప్రమాదం, ఎందుకంటే పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవడం నేర్పితే కుర్రవాడి ఊపిరితిత్తులు నిలుస్తాయి.

గాలి తీయడం ఇద్దరి పని. లోపల కూర్చున్నవాడు మూడునాలుగుసార్లు తొక్కి పట్టి ఉంచుతాడు. చక్రం దగ్గరున్నవాడు గాలి తీసే నిపుల్‌ను పావు చుట్టు వదిలి, సీసాలోని ఆయిల్‌లో ముంచిన గొట్టం గుండా బుడగలు పోనిచ్చి, బిగించాక ఆ మాట చెబుతాడు, అప్పుడే పాదం పైకి లేవాలి. ముందే లేస్తే బయటి గాలి లోపలికి వెళ్తుంది. కుడివైపు స్టీరింగు బళ్లలో సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరమైన వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు. మంచి ఉస్తాదు పాత బండిలో పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టిస్తాడు. రోజువారీ వాడకంలో కప్పు ఎన్నడూ వెళ్లని సిలిండర్ చివరి భాగంలో తుప్పూ మడ్డీ పేరుకుని ఉంటాయి. పెడల్‌ను నేల దాకా తొక్కితే కప్పు అంచు వాటి మీద రాసుకుని చిరుగుతుంది, గాలి తీయబోయి బాగున్న సిలిండర్‌ను పాడుచేసినట్టవుతుంది. ఎంత తీసినా గాలి తరగకపోతే, కుడి ఎడమ కాలిపర్లు తారుమారై నిపుల్ కిందివైపుకు వచ్చిందేమో చూడాలి, ఎందుకంటే గాలి ఎప్పుడూ పైనే చేరుతుంది.

ఏబీఎస్ ఉన్న కొత్త బళ్లలో వాల్వుల పెట్టె లోపల చిక్కిన గాలిని తీయడానికి కంప్యూటర్ పరికరం అవసరం కావచ్చు కాబట్టి షెడ్ల విద్య అక్కడ కొంత ఆగిపోతుంది. అయినా మొత్తం సిలిండర్లను వరుసగా మార్చి బిల్లు పెంచడం కన్నా, ఏది మార్చనక్కర లేదో తేల్చి చెప్పగల మెకానిక్కు బండి యజమానికి చేసే మేలు పెద్దది, ఆ నైపుణ్యానికి శిక్షణాలయాల పాఠాల్లో చోటు దక్కాలి. పని ముగిశాక ఇంజిన్ నడుపుతూ పెడల్‌ను కాసేపు తొక్కిపట్టి, ప్రతి కీలునూ నిపుల్‌నూ పొడిగుడ్డతో తుడిచి తడి ఉందేమో చూసి, ముందు ఖాళీ బండిని నిర్జనమైన దారిలో మెల్లగా, తర్వాత బరువుతో పరీక్షించాకే తాళం యజమాని చేతికి ఇవ్వాలి.